నక్షా గీత నుండి ఫైన్‌మన్ పటం దాకా



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని మన కార్యవర్గం వారు అడిగినప్పుడు, నేను చేవెళ్ళ, మొయినాబాదుల పాత సంగతులే వ్రాస్తాననుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయిన వైనం, ఆ రెండు చెరువుల నడుమ మొయినాబాదు పల్లెల భూములు, ఇవన్నీ రెండు పేజీలు వ్రాసి పెట్టుకున్నాను కూడా. ఆ కాగితాలు పక్కన పెట్టించింది మా మనవరాలు. ఈ వ్యాసం ఆమె వల్ల తెలిసిన ఒక చరిత్ర. భౌతికశాస్త్రవేత్తలు అణువుకంటె చిన్నవైన కణాల ఆటను కాగితం మీద గీసే పటాల చరిత్ర, ఆ పటాలను గీయడానికి పుట్టిన కంప్యూటర్ సాధనాల చరిత్ర. పింఛనుదార్ల పత్రికలో ఇదెందుకని మీరు అడగవచ్చు. చివరిదాకా చదివితే ఇది మన ఉద్యోగాల సంగతేనని మీకే తెలుస్తుంది.

మనవరాలు నగరంలో ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చదువుతోంది. సెలవులకు చేవెళ్ళ వచ్చి, వరండాలో కూర్చుని కంప్యూటరులో ఏవో గీతలు గీస్తోంది. బాణం గుర్తున్న తిన్నని గీత ఒకటి. నీటి అలలాంటి గీత ఒకటి. స్ప్రింగులా చుట్టలు తిరిగిన గీత ఒకటి. మధ్య మధ్య తెగిన గీత మరొకటి. అవి కలిసే చోట ఒక నల్లచుక్క. నా కళ్ళకు అది అచ్చం టిప్పన్ నకలులా కనిపించింది.

"ఏ సర్వే నంబరు బిడ్డా ఇది?" అన్నాను.

"తాతా, ఇది పొలం గాదు. ఎలక్ట్రాన్" అని నవ్వింది.

నేను 1971లో గుమాస్తాగా చేరి 2008లో పదవీ విరమణ చేశాను. మధ్యలో కొన్నేళ్ళు నకళ్ళ విభాగంలో పనిచేశాను. ఈ తరం పిల్లలకు నకలు అంటే ఒక మీట నొక్కడం. మా రోజుల్లో పాత నక్షా మీద ట్రేసింగ్ గుడ్డ పరిచి, నాలుగు మూలలా పిన్నులు గుచ్చి, రూలింగ్ పెన్ను ఇండియన్ ఇంకులో ముంచి, ఊపిరి బిగబట్టి గీయాలి. సిరా చుక్క పడితే బ్లేడుతో గీకాలి. హద్దుకు నిండు గీత, బండ్ల బాటకు తెగిన గీతల జంట, బావికి చిన్న వలయం. ఏ గీత దేనికో తెలియనివాడు నక్షా చదవలేడు. అందుకే మనవరాలిని మొదట అడిగింది, ఏ గీత దేనికి గుర్తు అని.

బాణమున్న నిండు గీత ఎలక్ట్రాన్ వంటి పదార్థ కణానికి. అలగీత ఫోటానుకు, అంటే వెలుగు కణానికి. స్ప్రింగు గీత గ్లూవానుకు. పరమాణు కేంద్రకంలోని ప్రోటాన్ల లోపల క్వార్కులను అంటిపెట్టి ఉంచేది అదే. తెగిన గీత హిగ్స్ వంటి కణానికి. అది ఉన్నదని జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాల వారు 2012 జులై 4న ప్రకటించారు. ఇక వరుస చుక్కల గీతకు "ఘోస్ట్" అని పేరట, అంటే దయ్యం. లెక్క సరిపోవడానికి మధ్యలో వచ్చి, చివరకు ఎక్కడా కనబడకుండా పోయేది కనుక ఆ పేరు. మన లెక్కల్లో సస్పెన్స్ ఖాతా లాంటిదన్నమాట!

పటం పుట్టిన కథ

ఈ పటాలకు ఆద్యుడు రిచర్డ్ ఫైన్‌మన్. అమెరికా దేశస్థుడు, 1918లో జన్మించి 1988లో కాలం చేశారు. ఎలక్ట్రాన్లు, వెలుగు ఒకదానితో ఒకటి ఎలా వ్యవహరిస్తాయో లెక్కకట్టడం రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి పెద్ద చిక్కు. పేజీలకు పేజీలు సమీకరణాలు వ్రాసినా జవాబు అనంతమని వచ్చేది. 1948 మార్చి చివర పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పోకొనో అనే కొండ విడిదిలో దాదాపు ముప్ఫై మంది మహామహులు సమావేశమయ్యారు. ష్వింగర్ అనే యువకుడు గంటల తరబడి సమీకరణాలతో తన పద్ధతిని వివరించాడు. తరువాత ఫైన్‌మన్ లేచి బల్లమీద బొమ్మలు గీశాడు. సభలో ఉన్న నీల్స్ బోర్ వంటి పెద్దలకు ఆ బొమ్మలు రుచించలేదు. కణం ఫలానా దారిన పోయిందని గీత గీయడమే తప్పు కదా అన్నది వారి అభ్యంతరం.

ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది. నక్షాలో బాట గీశామంటే ఆ బాట భూమి మీద అక్కడే ఉంటుంది. ఫైన్‌మన్ పటంలోని గీత అటువంటిది కాదు. అది కణం నడిచిన దారి కాదు, ఒక లెక్కకు గుర్తు. ఒక్కొక్క గీతకు ఒక అంశం, ఒక్కొక్క కూడలికి ఒక అంశం వ్రాయాలి. అన్నీ గుణించి, కూడవలసినవి కూడితే జవాబు వస్తుంది. పటం చూసి లెక్క వ్రాయవచ్చు, లెక్క చూసి పటం గీయవచ్చు. మన భాషలో చెప్పాలంటే ఇది దృశ్య చిత్రం కాదు, చిత్తు ఖాతా.

ఈ సంగతిని విడమరచి చెప్పినవాడు ఫ్రీమన్ డైసన్. ష్వింగర్ పద్ధతి, జపాను దేశస్థుడు టొమొనాగా పద్ధతి, ఫైన్‌మన్ బొమ్మలు, మూడూ ఒకటేనని నిరూపించి, బొమ్మ నుండి లెక్కకు పోయే నియమాలను 1949లో క్రమంగా అచ్చువేశాడు. ఫైన్‌మన్ సొంత వ్యాసాలు కూడా అదే సంవత్సరం ఫిజికల్ రివ్యూ పత్రికలో వెలువడ్డాయి. 1965లో ఫైన్‌మన్, ష్వింగర్, టొమొనాగాలకు కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. 2005లో అమెరికా తపాలా శాఖ వారు ఫైన్‌మన్ బిళ్ళ విడుదల చేసినప్పుడు ఆయన ముఖం వెనుక ఈ పటాలనే ముద్రించారు.

బొమ్మలో ఎంత పొదుపు ఉందో ఒక ఉదాహరణ చెబుతాను. పటంలో నాలుగు కూడళ్ళు ఉన్నాయనుకోండి. వాటిలో ఏది ముందు జరిగింది, ఏది తరువాత జరిగింది అని వరుసలు వేస్తే 24 రకాలు అవుతాయి. పాత పద్ధతిలో ఆ 24 లెక్కలూ విడివిడిగా చేయాలి. ఫైన్‌మన్ పటం ఒక్కటే ఆ ఇరవై నాలుగింటినీ తనలో ఇముడ్చుకుంటుంది.

మన వారి పాత్ర

ఈ పటాల మీద పనిచేసిన వారిలో మన వాడొకరున్నారు. రాజ్యాంగ ముసాయిదా సంఘ సభ్యులు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారి పేరు మీరందరూ విన్నదే. నెల్లూరు సీమలోని పుదూరు వారి స్వగ్రామం. ఆయన కుమారుడు అల్లాడి రామకృష్ణన్ 1923లో జన్మించి, హోమీ భాభా గారి దగ్గర విశ్వకిరణాల మీద పరిశోధన ఆరంభించారు. 1957-58లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ ఉన్నత విద్యా సంస్థలో గడిపి వచ్చాక, మద్రాసులో తమ సొంత ఇంట్లోనే విద్యార్థులను కూర్చోబెట్టుకుని కొత్త భౌతికశాస్త్రం మీద ప్రసంగాలు నడిపారు. సర్కారు భవనం లేదు, మంజూరైన పోస్టులు లేవు. 1960 జనవరిలో మద్రాసు వచ్చిన నీల్స్ బోర్ ఆ యువకుల కృషిని మెచ్చుకున్నారు. సి. సుబ్రమణ్యం గారి తోడ్పాటుతో, నెహ్రూ గారి ప్రోత్సాహంతో 1962 జనవరి 3న మద్రాసులో గణితశాస్త్రాల సంస్థ ఆరంభమైంది. రామకృష్ణన్ గారే దానికి తొలి సంచాలకులు.

1960 ప్రాంతంలో ఆయన, ఆయన విద్యార్థినులు టి.కె. రాధ, ఆర్. తుంగ కలిసి ఫైన్‌మన్ పటంలోని గీతను విప్పి చూశారు. పైన చెప్పిన ఇరవై నాలుగు వరుసలను ఒక్క గీత ఎలా మోస్తున్నదో, దానిని తిరిగి ముక్కలు చేస్తే లోపల ఏమి కనబడుతుందో వ్యాసాలు వ్రాశారు. మొదట్లో బోర్ వంటివారు ఒప్పుకోని బొమ్మ, పన్నెండేళ్ళు తిరిగేసరికి మద్రాసులో ఒక ఇంటి నుండి వచ్చిన ఆడపిల్లల చేతిలో పనిముట్టు అయింది. రామకృష్ణన్ గారు 2008లో పరమపదించారు.

చేతి గీత నుండి యంత్రం గీతకు

ఆ రోజుల్లో ఈ పటాలు గీయడం అచ్చంగా మన నకళ్ళ విభాగం పనే. శాస్త్రవేత్త పెన్సిలుతో చిత్తు గీస్తాడు. చిత్రలేఖకుడు కూర్చుని రూలింగ్ పెన్నుతో, వంపు స్కేలుతో, సిరాతో సాపు చేస్తాడు. అలగీతలో అన్ని అలలూ ఒకే ఎత్తులో రావాలి. స్ప్రింగు గీతలో చుట్టలన్నీ ఒకే పరిమాణంలో ఉండాలి. అది ఎంత కష్టమో ట్రేసింగ్ గుడ్డ మీద వాగు వంపు గీసిన మన వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

1978లో డోనాల్డ్ కనూత్ అనే ఆచార్యుడు గణిత పుస్తకాలు అందంగా కూర్చడానికి టెక్ అనే సాధనాన్ని వెలువరించాడు. దానిమీద లేటెక్ వచ్చింది. సమీకరణాలు శాస్త్రవేత్తలే స్వయంగా అచ్చుకు సిద్ధం చేసుకోసాగారు. పటాల దగ్గర మాత్రం ఆగిపోయేవారు. బొమ్మ చోట ఖాళీ వదలి, తరువాత చేత్తో గీసి అతికించేవారు. 1991 ఆగస్టులో పాల్ గిన్స్‌పార్గ్ అనే ఆయన వ్యాసాలను కంప్యూటర్ల ద్వారానే పంచుకునే ఏర్పాటు మొదలుపెట్టాడు. కంప్యూటరులో పోయే వ్యాసానికి జిగురుతో బొమ్మ అతికించలేరు కదా! ఆ రోజులకు బొమ్మ కూడా కంప్యూటరులోనే పుట్టవలసిన అవసరం ముదిరింది.

మొదటి ప్రయత్నాలలో ఒకటి 1990లో మైకేల్ లెవిన్ చేశాడు. లేటెక్‌లోనే ఫైన్‌మన్ పటాలు గీసే ఆజ్ఞల కట్ట అది. 1994లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని నిఖెఫ్ సంస్థకు చెందిన యోస్ వెర్మసెరెన్ యాక్సోడ్రా అనే దానిని ప్రకటించాడు. ఇందులో అలగీత కావాలంటే మొదలు ఎక్కడో, చివర ఎక్కడో అంకెలతో చెప్పాలి. అల ఎత్తెంత, అలలెన్ని అనేవి కూడా అంకెల్లోనే. ఇది విన్నప్పుడు నాకు సర్వేయరు ఫీల్డు బుక్కు గుర్తుకు వచ్చింది. గొలుసు మీద ఇంత దూరం, పక్కకు ఇంత దూరం అని అంకెలే వ్రాసుకు వస్తాడు. కచేరీకి వచ్చాక గానీ పొలం ఆకారం కనబడదు. యాక్సోడ్రాతో పనిచేసేవారిదీ అదే స్థితి. అంకెలు వ్రాసి, అచ్చు తీసి చూసుకుని, వంకర వస్తే మళ్ళీ అంకెలు దిద్దాలి.

1995లో జర్మనీకి చెందిన థోర్‌స్టెన్ ఓల్ ఫైన్‌ఎమ్‌ఎఫ్ అనే మరో మార్గం చూపాడు. ఏ చుక్కకు ఏ చుక్క కలవాలో చెబితే చాలు. గీతలను సాగదీసిన రబ్బరు దారాల్లా భావించి, చుక్కలు ఎక్కడ కుదురుకుంటాయో యంత్రమే లెక్కకట్టుకుంటుంది.

2003లో డానియెలె బినోసి, లూకాస్ థాయిసల్ అనే ఇద్దరు జాక్సోడ్రాను తెచ్చారు. వ్యాసరూపంలో అది 2004లో అచ్చయింది. జావా అనే భాషలో వ్రాసి, యాక్సోడ్రాను ఆధారం చేసుకున్నారు గనుక ఆ పేరు. మనవరాలు గీస్తున్నది ఇందులోనే. తెర మీద ఒక పక్క గీతల రకాలు బొత్తాలుగా ఉంటాయి. అలగీత బొత్తాం నొక్కి, తెర మీద ఒక చోటి నుండి మరో చోటికి లాగితే అలగీత పడుతుంది. తిన్నగా కావాలా, చాపంగా కావాలా, నిండు వలయంగా కావాలా అన్నది మన ఇష్టం. వెనుక గళ్ళు పరిచి ఉంటాయి. గీతకొసలు ఆ గళ్ళకు అంటుకునేలా చేసుకోవచ్చు గనుక కూడలి తప్పదు. గీసినదాన్ని జరపవచ్చు, పెంచవచ్చు, రంగు మార్చవచ్చు, మరో ప్రతి తీయవచ్చు. పని పూర్తయ్యాక లేటెక్‌కు కావలసిన అంకెల ఆజ్ఞలు అదే వ్రాసిపెడుతుంది. అంటే నక్షా మనం గీస్తే ఫీల్డు బుక్కు అది వ్రాస్తుంది!

2016లో జాషువా ఎల్లిస్ టిక్జ్-ఫైన్‌మన్ అనే దానిని ప్రకటించాడు. ఏది దేనితో కలుస్తుందో మాటల్లో వ్రాస్తే చాలు, కూడళ్ళ స్థానాలు అదే అమరుస్తుంది. నేను పేర్కొన్న ఈ సాధనాలను తయారుచేసినవారు ధర కట్టి అమ్ముకోలేదు. తోటివారి పని సులువు కావాలని చేసి ఇచ్చేశారు. చేవెళ్ళలో ఒక ఇంటి వరండాలో కూర్చున్న పిల్లకు పైసా ఖర్చు లేకుండా ఆ పనిముట్టు దొరకడానికి కారణం అదే.

గీసే యంత్రం వేరు, లెక్కించే యంత్రం వేరు

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. పైన చెప్పినవన్నీ మనం చెప్పిన పటాన్ని గీసేవి. అసలు ఒక సంఘటనకు ఎన్ని పటాలు వస్తాయో తామే వెతికి జాబితా వేసే యంత్రాలు వేరే ఉన్నాయి. 1990లో క్యూబ్లెక్, బోమ్, డెన్నర్ అనే ముగ్గురు ప్రకటించిన ఫైన్‌ఆర్ట్స్ అటువంటిది. 1993లో పాలో నొగెయిరా వెలువరించిన క్యూగ్రాఫ్ మరొకటి.

వాటి అవసరం ఏమిటో ఈ అంకెలు చూస్తే తెలుస్తుంది. ఎలక్ట్రాన్ ఒక చిన్న అయస్కాంతం. దాని బలం మోటు లెక్కలో 2 రావాలి. నిజానికి 2.00232 దాకా ఉంటుంది. ఆ మిగులు ఎంతో కట్టడానికి మొదటి మెట్టులో ఒక్క పటం చాలు. ఆ మెట్టును 1948లో ష్వింగర్ సాధించాడు. రెండవ మెట్టులో 7 పటాలు. మూడవ మెట్టులో 72. నాలుగవ మెట్టులో 891. ఐదవ మెట్టులో 12,672. ఈ ఐదవ మెట్టు లెక్కను కినోషితా బృందం 2012లో వెలువరించింది. ఇంత శ్రమ పడితే లెక్కకు, ప్రయోగశాలలో కొలతకు పదికి పైగా అంకెల దాకా పొత్తు కుదిరింది. పన్నెండు వేల ఆరువందల డెబ్బై రెండు పటాలలో ఒక్కటి జారిపోయినా మొత్తం చెడిపోతుంది. చేత్తో ఎవరు లెక్కపెట్టగలరు?

ఏడు పటాలు

మనవరాలికి తన ప్రాజెక్టు రిపోర్టులో రెండవ మెట్టు పటాలు ఏడూ గీసి చూపవలసి ఉంది. ఒక సాయంత్రం అవి పూర్తిచేసి అచ్చు తీసి నాకు చూపింది. గీతలు ముత్యాల్లా ఉన్నాయి. నా ముప్ఫై ఏడేళ్ళ సర్వీసులో అంత సాపుగా ఒక్క గీతా గీయలేకపోయాను. మెచ్చుకుని కాగితం తిరిగి ఇవ్వబోతూ పాత అలవాటు చొప్పున ఒక్కొక్కటీ వేలుపెట్టి పోల్చి చూశాను.

"బిడ్డా, మూడోది, నాలుగోది ఒక్కటే గదా?" అన్నాను.

ఆమె చూసి నాలుక కరుచుకుంది. ఆ ఏడింటిలో రెండు జతలు అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయట. ఒక దానిలో చిన్న అల కుడివైపు ఉంటే, దాని జతలో ఎడమవైపు ఉండాలి. ప్రతి తీసుకుని, తిప్పడం మరచిపోయింది. జాక్సోడ్రా ఏమీ అనలేదు. అనదు కూడా. మూడు ఎలక్ట్రాన్ గీతలను తెచ్చి ఒకే చుక్కలో కలిపితే అది ప్రకృతిలో జరగని పని. అయినా అంతే అందంగా గీసి ఇస్తుంది. గీత సాపుగా ఉందా లేదా అన్నదే దాని బాధ్యత. గీత ఉండవలసిన చోట ఉందా లేదా అన్నది గీయించినవారి బాధ్యత.

"నీకు ఫిజిక్సు రాదు గదా, ఎట్ల దొరకబట్టినవ్ తాతా?" అని అడిగింది. అప్పుడు, ఇంతవరకు ఇంట్లో ఎవరికీ చెప్పని ఒక సంగతి ఆమెకు చెప్పాను. ఈ పత్రికలో మీకూ చెబుతున్నాను.

1979లో, నేను పనిచేస్తున్న ఒక కచేరీలో, అన్నదమ్ముల భూమి తగాదాకు నక్షా నకలు కావలసి వచ్చింది. అసలు నక్షా నలిగి, రంగు వెలిసి ఉంది. సాయంత్రం ఐదు దాటింది. తమ్ముడి పొలానికి పోయే బండ్ల బాట అన్న వాటా లోంచి తెగిన గీతల జంటగా ఉంది. మడత దగ్గర ఆ గీతలు బాగా మాసిపోయాయి. నేను హద్దులు గీశాను, బావి గీశాను, బాట గీయలేదు. నకలు కింద రెండు సంతకాలుంటాయని మీకు తెలుసు. ఒకటి వ్రాసినవారిది, రెండవది సరిచూసినవారిది. ఆ రోజు రెండవ గుమాస్తా సెలవులో ఉన్నాడు. రెండు చోట్లా నేనే సంతకం చేశాను. నకలు చాలా శుభ్రంగా ఉందని మెచ్చుకున్నారు కూడా.

ఆ నకలు పట్టుకుని అన్న బాటకు అడ్డంగా కంచె వేశాడు. కాగితంలో బాట లేదు గనుక తమ్ముడి మాట చెల్లలేదు. కొన్నేళ్ళకు అసలు నక్షా తెప్పించి చూశారు, బాట కనబడింది, కంచె తీయించారు. అప్పటికి తమ్ముడు తన వాటా అన్నకే వచ్చినంతకు అమ్మి, కూలి కోసం నగరం వెళ్ళిపోయాడు. ఆ నకలు ఎవరు గీశారని నన్ను ఎవరూ అడగలేదు. మెమో రాలేదు, ఇంక్రిమెంటు ఆగలేదు. తరువాత చాలా ఏళ్ళు మొయినాబాదు, చేవెళ్ళల మధ్య మర్రిచెట్ల నీడన బస్సులో పోతున్నప్పుడల్లా, రోడ్డు దిగి పొలాల్లోకి పోయే బండ్ల బాట కనబడితే తల తిప్పుకునేవాడిని.

మనవరాలు కాసేపు ఏమీ అనలేదు. తరువాత వాళ్ళ చరిత్రలోని ఒక కథ చెప్పింది. ఆ ఏడు పటాల లెక్కను మొదట కట్టింది కార్‌ప్లస్, క్రోల్ అనే ఇద్దరు. 1950లో అచ్చువేశారు. అందులోని ముఖ్యమైన అంకె -2.973 అని వచ్చింది. ఏడేళ్ళపాటు లోకం దానినే వాడుకుంది. 1957లో పీటర్‌మన్, సోమర్‌ఫీల్డ్ అనే ఇద్దరు విడివిడిగా తిరిగి కట్టి, సరైన అంకె -0.328 అని తేల్చారు. గొప్పవారే, శ్రమ పడ్డవారే. అయినా తప్పు దొర్లింది. వేరొకరు మొదటి నుండి మళ్ళీ కట్టేదాకా బయటపడలేదు. నాలుగవ మెట్టులోనూ అంతే. 2007లో కినోషితా బృందం వారు యంత్రం చేత కొత్తగా లెక్క వ్రాయించి, తమ పాత లెక్కతో పోల్చితే తేడా వచ్చింది. వెతికితే పొరపాటు తమ పాత లెక్కలోనే ఉంది. దానిని దాచకుండా దిద్ది ప్రకటించారు. యంత్రం మనిషి తప్పును పట్టింది, నిజమే. అయితే ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చాలని అనుకున్నది మనుషులే.

అంటే వాళ్ళకూ నకలు కింద రెండవ సంతకం ఉంది. దానిని మొదటివాడే చేయకూడదన్న నియమమూ ఉంది. ఆ నియమం నేను 1979లో పాటించి ఉంటే ఒక కుటుంబం ఊరు విడిచి పోయేది కాదేమో.

మన భూముల వివరాలు కూడా కంప్యూటరులోకి ఎక్కాయి. 2020లో ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. కాగితం నలగదు, సిరా వెలవదు, చాలా సంతోషం. కాని అచ్చు తీసిన పత్రం తీరుగా ఉందని మడిచి బీరువాలో పెట్టకండి. సర్వే నంబరు, గుంటలు, పేరులోని అక్షరాలు పాత పాసు పుస్తకంతో వేలుపెట్టి పోల్చండి. వీలైతే మీరు కాక మరొకరి చేత పోల్పించండి.

మనవరాలు ఆ రాత్రే నాలుగవ పటం తిప్పి, రిపోర్టు మళ్ళీ అచ్చు తీసింది. ఆ పేజీ అడుగున పెన్సిలుతో రెండు గీతలు గీసి, ఒకదాని మీద తన పేరు వ్రాసింది. రెండవదాని మీద నన్ను సంతకం చేయమంది. ఏడు పటాలూ మళ్ళీ మొదటి నుండి లెక్కపెట్టి, ఏ రెండూ ఒకటి కాదని నిశ్చయించుకున్న తరువాతనే చేశాను.

సెలవు.